గొట్టా నుంచి శివారు దాకా: వంశధార ఎడమ కాలువ వెంట పిల్లలతో ఒక రోజు

శ్రీకాకుళం జిల్లాలో పిల్లలకు వంశధార నది చూపిద్దామని బయల్దేరిన బస్సులు చాలావరకు గొట్టా బ్యారేజీ దగ్గర ఆగిపోతాయి. ఫొటోలు దిగి, పులిహోర తిని, సాయంత్రానికి ఇల్లు చేరతారు. బ్యారేజీ చూడాల్సిందే. కాకపోతే అక్కడ కనబడేది నీటిని నిలబెట్టడం ఒక్కటే. ఆ నీరు ఎటు పోతోంది, ఎన్నాళ్లకు చేరుతోంది, ఎవరి పొలం దగ్గరకు వచ్చేసరికి సన్నబడుతోంది అన్నది కాలువ వెంట వెళ్తేనే తెలుస్తుంది. కాబట్టి ఈ ప్రయాణానికి ఒక్క నియమం పెట్టుకోండి. నీరు నడిచే వైపే మీరూ నడవాలి. కాలువ తల దగ్గర మొదలుపెట్టి శివారులో, అంటే కాలువ చివరి పొలాల దగ్గర, ఆపాలి, మధ్యలో వెనక్కి తిరగకూడదు.

ఇక్కడ చెప్పే పద్ధతి ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా పిల్లలకు సరిపోతుంది. పెద్దలతో కలిపి ముప్పై మందిని మించనివ్వకండి. గట్టు మీద ఒకరి వెనక ఒకరు నడవాలి కాబట్టి వరస పొడుగైతే ముందున్నవారి మాట వెనకున్నవారికి వినబడదు. ఆరుగురు పిల్లలకు ఒక పెద్దవారు ఉండాలి, వారిలో ఇద్దరికైనా ఈత బాగా వచ్చి ఉండాలి.

ఎడమ కాలువే ఎందుకు

గొట్టా దగ్గర నదికి రెండు పక్కలా కాలువలున్నాయి. కుడి ప్రధాన కాలువ కింద సుమారు 62 వేల ఎకరాలు, ఎడమ ప్రధాన కాలువ కింద సుమారు 1.48 లక్షల ఎకరాల ఆయకట్టు. ఎడమ కాలువ పొడవు 104 కిలోమీటర్ల పైచిలుకు. హిరమండలం మండలంలో బయల్దేరి జలుమూరు, నరసన్నపేట, టెక్కలి, నందిగాం ప్రాంతాల మీదుగా పలాస, వజ్రపుకొత్తూరు వైపు సాగుతుంది. చదువు కోసం వెళ్లేవారికి ఇదే మేలు. కొండల నుంచి సముద్రానికి దిగే గెడ్డలు (వాగులు) ఈ కాలువకు అడ్డం వస్తాయి. గెడ్డ అడ్డం వచ్చిన చోటల్లా ఏదో ఒక కట్టడం కట్టక తప్పలేదు. ఒక్క కాలువ మీదే రకరకాల కట్టడాలు చూడొచ్చు. పైగా దారిలో శ్రీముఖలింగం ఉంది, చివర్లో జీడితోటల ఉద్దానం ప్రాంతం ఉంది.

పాతకాలపు కాలువలే చూడాలనుకునేవారు నాగావళి వైపు వెళ్లాలి. ఆ దారి సంగతి చివర్లో ఉంది.

ఎప్పుడు వెళ్లాలి

ఖరీఫ్ నీరు సాధారణంగా జులైలో వదులుతారు. వదిలిన వెంటనే వెళ్తే తల దగ్గర నీరు కనబడుతుంది గానీ శివారులో కాలువ ఇంకా ఎండిపోయే ఉంటుంది. ఆగస్టు రెండో సగం నుంచి సెప్టెంబరు చివరి దాకా మంచి రోజులు. అప్పటికి ఎగువన ఉభాలు (వరి నాట్లు) అయిపోయి పైరు పచ్చబడి ఉంటుంది, దిగువన ఇంకా నాట్లు పడుతూ ఉంటాయి. ఒకే రోజు, ఒకే కాలువ కింద, పంట వేర్వేరు వయసుల్లో కనబడుతుంది. పిల్లలకు అంతకంటే మంచి పాఠం దొరకదు.

ఆగస్టు 29 దగ్గర్లో తేదీ కుదిరితే ఇంకా బాగుంటుంది. గిడుగు రామమూర్తి పుట్టిన పర్వతాలపేట శ్రీముఖలింగం పక్కనే. ఆ రోజు తెలుగు భాషా దినోత్సవం కాబట్టి బడి పనికీ ప్రయాణానికీ ముడి కుదురుతుంది.

అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాన్లను లెక్కలో పెట్టుకోవాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. వంశధారకు నీరు ఎక్కువగా వచ్చేది ఒడిశా కొండల నుంచి. శ్రీకాకుళంలో ఎండ కాస్తున్నా, రాయగడ వైపు రెండు రోజులు వాన కురిస్తే గొట్టా దగ్గర వరద వస్తుంది. బయల్దేరే ముందు రోజు ఎగువ వాన, బ్యారేజీ ఇన్‌ఫ్లో రెండూ చూడండి. మొదటి ప్రమాద హెచ్చరిక ఉంటే వాయిదా వేయండి. గట్టు తడిసి మెత్తబడిన రోజు పిల్లల్ని దాని మీద నడిపించకూడదు.

అనుమతి అడిగేటప్పుడే అడగాల్సినవి

జలవనరుల శాఖలో వంశధార ఇంజనీర్ల కార్యాలయానికి రెండు వారాల ముందే ఉత్తరం ఇవ్వండి. తేదీ, వేళ, ఎంతమంది, ఏ బడి, బాధ్యత ఎవరిది, వారి ఫోన్ నంబరు రాయాలి. బ్యారేజీ మీద డ్రోన్ ఎగరేయాలనుకుంటే దానికి వేరే అనుమతి కావాలి. లేకపోతే తీసుకెళ్లకండి.

అనుమతి కాగితం కంటే విలువైనవి మూడు ప్రశ్నలు. ఆ వారం ఎడమ కాలువలోకి ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారు? ఏ పంపిణీ కాలువలకు వంతు ఉంది, ఏవి కట్టేసి ఉన్నాయి? ఆ రోజు మనతో నడవడానికి లస్కర్ (కాలువను కనిపెట్టుకుని ఉండే సిబ్బంది) ఎవరైనా వస్తారా? రెండో ప్రశ్న మరిచిపోతే, ఎంత దూరం వెళ్లినా వంతు లేని కాలువలో నీటి చుక్క కనబడక పిల్లలు నిరాశపడతారు. లస్కర్ వస్తే ఆ రోజంతటికీ ఆయనే అసలు ఉపాధ్యాయుడు. ఏ మదుము (పొలాలకు నీరు వదిలే తూము) షట్టరు బిగుసుకుపోతుంది, ఏ మలుపులో పూడిక పేరుకుంటుంది, ఏ గట్టు ఏ ఏడాది తెగింది, అన్నీ ఆయన నోటి మీదే ఉంటాయి.

బడులు తెరిచే శనివారం పెట్టుకోండి, ఆదివారం వద్దు. కాలువ దారిలో మరుగుదొడ్లు దొరకడం కష్టం, ఆడపిల్లలకు మరీ ఇబ్బంది. హిరమండలం దగ్గరా, జలుమూరు దగ్గరా, టెక్కలి దగ్గరా ఒక్కో ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులతో ముందే మాట్లాడుకుంటే మరుగుదొడ్లు, తాగునీరు, భోజనానికి నీడ మూడూ కుదురుతాయి.

బండి, సామాను

పెద్ద బస్సు వద్దు, ఇరవై ఐదు ముప్పై సీట్ల మినీ బస్సు చాలు. గట్టు మీద ఇన్‌స్పెక్షన్ రోడ్డు చాలాచోట్ల ఒక్క జీపు పట్టేంతే ఉంటుంది, ఎదురు బండి వస్తే తప్పుకునే చోటు ఉండదు. బస్సును తారు రోడ్డు మీదే ఉంచి, రోడ్డు కాలువను దాటే వంతెన దగ్గర దిగి, రెండు మూడు కిలోమీటర్లు నడిచి, తర్వాతి వంతెన దగ్గర మళ్లీ ఎక్కండి. ఇంటర్ పిల్లలైతే ఆ ముక్కలు సైకిళ్ల మీద వెళ్లొచ్చు. గట్టు మీద తుమ్మ ముళ్లు ఉంటాయి కాబట్టి పంక్చర్ సామాను, గాలి పంపు, రెండు ట్యూబులు వెంట ఉంచుకోవాలి. వాన పడితే సైకిలు దిగి నడిపించుకెళ్లాల్సిందే. తడిసిన బంకమన్ను మీద చక్రం జారితే ఒక పక్క కాలువ, ఇంకో పక్క పల్లం.

ఆరుగురి జట్టుకు కావాల్సినవి తక్కువే. 10 మీటర్ల తాడు, పది సెంటీమీటర్లకో గీత పెయింటు వేసిన రెండు మీటర్ల వెదురు కర్ర, మూత గట్టిగా పట్టే లీటరు పారదర్శక సీసాలు మూడు, చెరగని మార్కరు, నోటుపుస్తకం, గడియారంగా ఒక ఫోను. అరటి బోదెను గుప్పెడంత ముక్కలుగా కోసి నాలుగైదు తెచ్చుకోండి, కొలతలో పనికొస్తాయి. మనిషికి రెండు లీటర్ల తాగునీరు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, మడమ పట్టే చెప్పులు లేదా బూట్లు. హవాయి చెప్పులతో గట్టు ఎక్కనివ్వకండి.

మొత్తం బృందానికి విసిరే తాడు ఒకటి తప్పనిసరి. 20 మీటర్ల నైలాన్ తాడు చివర అయిదు లీటర్ల ఖాళీ డబ్బా కట్టి, డబ్బాలో గ్లాసుడు నీళ్లు పోసి మూత బిగించండి. ఆ నీళ్ల బరువు లేకపోతే గాలికి డబ్బా దూరం పోదు. నీళ్లలో పడ్డ మనిషికి అవతల, కాస్త ఎగువకు పడేలా విసిరితే తాడు వాళ్ల చేతికి అందుతుంది. బయల్దేరే ముందు బడి మైదానంలో పెద్దలందరూ నాలుగేసి సార్లు విసిరి చూసుకోవాలి.

బస్సులో చెప్పాల్సింది

శ్రీకాకుళంలో ఉదయం ఆరింటికి బయల్దేరితే ఆలికాం–బత్తిలి రోడ్డు మీదుగా హిరమండలం చేరడానికి గంటన్నర పడుతుంది. ఆ వేళలో ఈ నాలుగు సంగతులు చెప్పేయండి.

బ్యారేజీ లేని రోజుల్లో నది ఒడ్డు తెంపి కాలువలు తీసుకునేవారు. వాటినే ఓపెన్ హెడ్ ఛానళ్లు అంటారు. గేటు ఉండదు. నది పెరిగితే నీరు వస్తుంది, తగ్గితే ఆగుతుంది. ఏటా ఇసుక మేట వేసి మూతి పూడిపోతుంది, రైతులే చేరి తవ్వుకోవాలి. పంటకు నీరు అవసరమైన రోజూ, నది పెరిగిన రోజూ ఒకటి కావు. గొట్టా బ్యారేజీ తీర్చింది ఈ చిక్కునే. పార్లమెంటులో శ్రీకాకుళానికి చాలాకాలం ప్రతినిధిగా ఉన్న బొడ్డేపల్లి రాజగోపాలరావు పేరు ఈ ప్రాజెక్టుకు పెట్టారు.

నది ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాలది. నీటిని చెరిసగం పంచుకోవాలని 1962లో ఒప్పందం జరిగింది. గొట్టా దగ్గర ఏడాదికి దొరికే నీరు 115 టీఎంసీలని లెక్క, అంటే చెరి 57.5. తర్వాత తగవు వచ్చి 2010లో ట్రైబ్యునల్ ఏర్పాటైంది. 2017 సెప్టెంబరులో తీర్పు వచ్చింది.

టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, లీటర్లలో సుమారు 28. ఒక కాలువలో 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. ఈ లెక్క పిల్లల చేతే కట్టించండి. రోజుకు 86,400 సెకన్లు అని చెబితే చాలు, మిగతాది వాళ్లే చేస్తారు.

నదికి కుడి ఎడమలు ఎలా చెప్పాలో కూడా ఇక్కడే తేల్చేయండి. నీరు పోయే వైపు ముఖం పెట్టి నిలబడితే మన ఎడమ చెయ్యి ఉన్నది ఎడమ గట్టు. ఇది తేలకపోతే రోజంతా తికమకే.

గొట్టా దగ్గర గంట

బ్యారేజీకీ డ్యాముకీ తేడా మొదట చూపించండి. డ్యాము నీటిని దాస్తుంది. బ్యారేజీ మట్టం పెంచి కాలువలోకి తిప్పుతుంది, మిగిలింది కిందికి వదిలేస్తుంది. దాచే పని పక్కనున్న హిరమండలం రిజర్వాయరుది. అది ప్రాజెక్టు రెండో దశలో కట్టింది, సామర్థ్యం సుమారు 19 టీఎంసీలు.

తర్వాత పిల్లల్ని కాలువ హెడ్ రెగ్యులేటరు (నది నీటిని కాలువలోకి వదిలే గేట్ల కట్టడం) కనబడే చోట నిలబెట్టి గడప ఎత్తు గమనించమనండి. కాలువ గడప నది అడుగు కంటే ఎత్తులో ఉంటుంది. కారణం ఇసుక. బరువైన ఇసుక నది అడుగునే దొర్లుతుంది, పైనున్న నీరు తేటగా ఉంటుంది. పై నీరు కాలువలోకి పోవాలి, అడుగు ఇసుక నదిలోనే ఉండిపోవాలి. అలా చేరిన ఇసుకను కడిగేయడానికే హెడ్ రెగ్యులేటరు పక్కన కొన్ని గేట్లను తక్కువ మట్టంలో పెడతారు.

ఇక్కడ దాదాపు ప్రతి పిల్లా అనుకునే పొరపాటు ఒకటుంది. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తితే కాలువకు బాగా నీరు వస్తుందనుకుంటారు. జరిగేది అందుకు తలకిందులు. పెద్ద వరదలో బ్యారేజీ గేట్లు ఎత్తేసి కాలువ గేట్లు దించుతారు. వరద నీరు ఒండ్రుతో చిక్కగా ఉంటుంది, కాలువను పూడ్చేస్తుంది. అదే వానకు దారిలోని గెడ్డలు కూడా పొంగి ఉంటాయి కాబట్టి కాలువ నిండా నీరుంటే గట్టు తెగుతుంది.

గేజి పలక మీద మట్టం చదివి రాసుకోమనండి. పెద్దవారు ఒకరు తాడు కట్టిన చిన్న బకెట్టుతో నీరు తోడి మొదటి సీసా నింపి, దాని మీద చోటు, తేదీ, వేళ రాయాలి.

గట్టు మీద నడక

మొదటి రెండు మూడు కిలోమీటర్లు నడిచేటప్పుడు కాలువ ఎందుకు వంకరలు పోతోందో అడగండి. పల్లానికి తిన్నగా తవ్వితే నీరు ఉరికి గట్లు కోసేస్తుంది, పైగా ఎత్తు పోగొట్టుకుని పక్క పొలాలకు ఎక్కదు. అందుకే కాలువ నేల ఎత్తును పట్టుకుని కొండ పాదాల వెంట చుట్టి వెళ్తుంది. ఇలాంటి పెద్ద కాలువలకు వాలు కిలోమీటరుకు పది ఇరవై సెంటీమీటర్లే ఇస్తారు. మేస్త్రీలు వాడే లెవెల్ పైపు ఒకటి తెచ్చుకుంటే, పది మీటర్ల దూరంలో ఆ వాలు అసలు కంటికి ఆనదని పిల్లలకు చూపించొచ్చు.

కట్టడాలు గుర్తుపట్టడానికి ఒక్క ప్రశ్న చాలు. గెడ్డ పైనుందా, కాలువ పైనుందా? కాలువ తొట్టిలాంటి కట్టడంలో గెడ్డ మీదుగా దాటితే అక్విడక్ట్. గెడ్డే కాలువ మీదుగా దాటితే సూపర్ పాసేజ్. చిన్న వాగు కాలువ అడుగున గొట్టంలోంచి పోతే అండర్ టన్నెల్, అందరూ యూటీ అనే అంటారు. నీరు మెట్టు దిగినట్టు దిగే చోటు డ్రాప్. నేల వాలు కాలువ వాలు కంటే ఎక్కువైన చోట తేడాను ఒక్కచోటే దింపేసి, అక్కడి సిమెంటు అడుగు మీద నీటి వేగం చంపేస్తారు. డ్రాప్ కింద నీరు సుడి తిరుగుతుంది. చూడ్డానికి చిన్నగా ఉన్నా, పడినవారిని మళ్లీ మళ్లీ లోపలికి లాగేది అదే. ఆ అంచు నుంచి పిల్లలు కనీసం అయిదు మీటర్లు ఇవతలే ఉండాలి.

యూటీ దగ్గర పావుగంట ఆగండి. కాలువ గట్టు దిగి, వాగు గొట్టంలో దూరే ఎగువ మూతి దగ్గరకు పిల్లల్ని తీసుకెళ్లండి. తాటాకులు, తుమ్మ కంప, గడ్డి, ప్లాస్టిక్ సంచులు మూతికి అడ్డం పడి ఉంటాయి. పక్క గోడ మీద మట్టి చారలు చూస్తే పోయిన వానకు నీరు ఎంత ఎత్తు నిలిచిందో తెలుస్తుంది. మూతి మూసుకుపోతే వాగు నీరు గట్టుకు ఆనుకుని పెరుగుతుంది. ఒక పక్క కాలువ నీరు, ఇంకో పక్క వాగు నీరు, మధ్యలో నానుతున్న మట్టి గట్టు. గండ్లు పడే దారుల్లో ఇదొకటి.

రెండోది బొరియలు. గట్టు బయటి పాదం వెంట నడుస్తూ ఎలుక కన్నాలు, ఎండ్రకాయల బొరియలు లెక్కపెట్టమనండి. ఎక్కడైనా చెమ్మ కనబడితే ఆగి నీరు తేటగా ఉందా, బురదగా ఉందా చూడాలి. తేట నీరు ఊరితే అది మామూలు ఊట. బురద నీరు వస్తోందంటే లోపల మట్టి కొట్టుకుపోతోంది, గట్టు గుల్లవుతోంది. అది కనబడితే ఫొటో, దగ్గరి మైలురాయి నంబరు లస్కర్‌కు వెంటనే పంపండి. పిల్లలు పంపిన కబురు ఒక ఊరి పంటను కాపాడగలదు. ఈ మాట వాళ్లకు చెప్పండి, ఎందుకంటే అది నిజం.

నీటిని కొలవడం

ఈ కొలత ప్రధాన కాలువలో వద్దు. పంపిణీ కాలువ మీద, నీరు తొడ లోతు మించని చోట, అడ్డంగా చిన్న కల్వర్టు ఉన్న దగ్గర చేయండి. కల్వర్టు మీదే నిలబడి కర్ర దించి లోతు చూడొచ్చు, ఎవరూ నీళ్లలోకి దిగనక్కర్లేదు. తిన్నగా ఉన్న ముక్క ఎంచుకోండి. మలుపులో ఒక అంచున వేగం, ఇంకో అంచున నిదానం ఉంటుంది. గుర్రపుడెక్క, తూటికాడ ఉన్న చోటు పనికిరాదు.

గట్టు మీద 10 మీటర్ల తాడు పరిచి రెండు చివర్లా పుల్లలు పాతండి. అరటి బోదె ముక్కను మొదటి పుల్లకు రెండు మీటర్ల ఎగువనే వేయాలి, పుల్ల చేరేసరికి అది నీటి వేగం అందుకుంటుంది. మొదటి పుల్ల దాటగానే గడియారం మొదలు, రెండోది దాటగానే ఆపడం. గట్టుకు తగిలినది లెక్కలోకి రాదు. మూడు మంచి పరుగుల సగటు తీయండి. ఖాళీ ప్లాస్టిక్ సీసా వాడితే గాలికి కొట్టుకుపోయి లెక్క తప్పుతుంది. అరటి బోదె చాలావరకు మునిగి తేలుతుంది, గాలి పట్టదు, నీళ్లలో మిగిలిపోయినా కుళ్లిపోతుంది.

లెక్క ఇలా కట్టాలి. నీటి పైవెడల్పు 2.4 మీటర్లు, అడుగు వెడల్పు 1.2 మీటర్లు, లోతు 0.6 మీటర్లు అనుకుందాం. రెండు వెడల్పుల సగటు 1.8ని 0.6తో గుణిస్తే 1.08 చదరపు మీటర్లు. బోదె ముక్క 10 మీటర్లు పోవడానికి 25 సెకన్లు పడితే పైనీటి వేగం సెకనుకు 0.4 మీటర్లు. అడుగునా అంచులనా నీరు నిదానంగా పోతుంది కాబట్టి 0.85తో తగ్గించాలి, 0.34 వస్తుంది. 1.08ని 0.34తో గుణిస్తే సెకనుకు సుమారు 0.37 ఘనపు మీటర్లు. దాన్ని 35.3తో గుణిస్తే 13 క్యూసెక్కులు.

అక్కడితో ఆపకండి. ఒక క్యూసెక్కు రోజంతా పారితే సుమారు 24 ఎకరాల మీద అంగుళం మందాన నీరు నిలుస్తుంది. వరి మడికి రెండంగుళాలు పెట్టాలంటే 12 ఎకరాలు. ఈ 13 క్యూసెక్కులు దారిలో ఇంకకుండా చేరితే రోజుకు సుమారు 155 ఎకరాలు తడుస్తాయి. ఆ కాలువ కింద ఎన్ని ఎకరాలున్నాయో లస్కర్‌ను అడిగితే, వంతు ఎన్ని రోజులకోసారి రావాలో పిల్లలే చెప్పేస్తారు.

కొలత అయ్యాక ఆటకు వేళ ఇవ్వండి. పొలం రైతును అడిగి, చీలమండ లోతు పిల్ల కాలువలో అరటి దొప్ప పడవల పందెం పెట్టుకోవచ్చు. కాలువ మీద పిల్లలు నీళ్లలో కాలు పెట్టే చోటు అదొక్కటే ఉండాలి.

శ్రీముఖలింగం దగ్గర భోజనం

మధుకేశ్వరాలయం మధ్యాహ్నం మూసే వేళ ముందే కనుక్కుని దాన్నిబట్టి చేరండి. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు కూడా చూడాలి. రాజధాని నది ఒడ్డున ఎందుకు వెలిసిందో ఉదయమంతా నీటి వెంట నడిచిన పిల్లలకు విడిగా చెప్పనక్కర్లేదు. ఇదే నది కిందికి వెళ్లి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. మూతికి దగ్గరలో కుడి ఒడ్డు కొండ మీద శాలిహుండం బౌద్ధ క్షేత్రం ఉంది, దాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తే. దాన్ని ఈ రోజులో ఇరికించొద్దు, వేరే పూట పెట్టుకోండి.

భోజనానికి పులిహోర, పెరుగన్నం, చోడి (రాగి) అంబలి చాలు. అరటాకులో పెడితే చెత్త మిగలదు.

శివారు

మధ్యాహ్నం రెండింటికి బయల్దేరి నరసన్నపేట మీదుగా టెక్కలి వైపు వెళ్లండి. ఉదయం నిండుగా చూసిన కాలువ ఇక్కడ సన్నబడి ఉంటుంది. ఏం చూడాలో పిల్లలకు ముందే చెప్పాలి: పొలానికి నీరెక్కించడానికి పెట్టిన ఆయిల్ ఇంజన్లు, కాలువకు అడ్డంగా వేసిన ఇసుక బస్తాలు, తలుపు లేని మదుములు, నాటు పడని మడులు. రెండో సీసా నరసన్నపేట దగ్గర, మూడోది ఇక్కడ నింపండి.

ఈ రోజంతటికీ ముఖ్యమైన పని రైతులతో మాట్లాడటం. తల దగ్గర, మధ్యలో, శివారులో ముగ్గురేసి రైతులను ఒకే మూడు ప్రశ్నలు అడగాలి. "ఈ ఏడు ఉభాలు ఎప్పుడయ్యాయి బాబాయ్?" "నీరు మీ మదుముకి ఏ తారీఖుకి చేరింది?" "వంతుకి ఎన్నాళ్లు పట్టింది?" పనిలో ఉన్నవారిని ఆపకూడదు, గట్టు మీద కూర్చున్నప్పుడు అడగాలి. అనుమతి లేనిదే వీడియో తీయకూడదు. తప్పు ఎవరిదని పిల్లలు అడగొద్దు, తేదీలు రాసుకుంటే చాలు. తొమ్మిది తేదీలు పక్కపక్కన రాస్తే ఎగువకూ దిగువకూ మధ్య ఆలస్యం ఎన్ని వారాలో తేలుతుంది. నీరు ఆలస్యమైతే నాటు ఆలస్యం, కోత ఆలస్యం, అప్పుడు పంట తుపాన్ల రోజుల్లో పొలంలోనే ఉంటుంది.

పొద్దుంటే పలాస వైపు కాస్త ముందుకు వెళ్లి జీడితోటలు చూపించండి. ఉద్దానానికి హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీరు పైపులైనులో వస్తోంది. పొలానికి కాలువ, నోటికి పైపు ఎందుకని అడిగితే కాలువలో ఇంకిపోయేదీ, ఆవిరయ్యేదీ, మురికి కలిసేదీ పిల్లలకు తట్టాలి. సెప్టెంబరు చివరి వారాల్లో వెళ్లినవారు జీడితోటల బదులు టెక్కలి మండలం తేలినీలాపురం వెళ్లొచ్చు. పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు అప్పటికి రావడం మొదలవుతుంది. చప్పుడు చేయకుండా దూరం నుంచే చూడాలి, గూళ్లున్న చెట్ల కిందికి వెళ్లొద్దు.

ప్రమాదాలు

ప్రధాన కాలువలో స్నానం, ఈత, కాళ్లు కడగడం ఏవీ వద్దు. సిమెంటు లైనింగ్ ఉన్న చోట వాలు మీద నాచు పట్టి ఉంటుంది. ఈత వచ్చినవారు కూడా పట్టు దొరక్క పైకి ఎక్కలేరు. ఎవరైనా పడితే వెనకే దూకకూడదు. గట్టు వెంట పరుగెత్తుతూ తాడు విసరాలి. పైకి తీశాక పొట్ట నొక్కడం, తలకిందులుగా వేలాడదీయడం చేయకూడదు. ఊపిరి ఆడకపోతే వెంటనే నోటితో ఊపిరి ఇస్తూ ఛాతీ నొక్కడం మొదలుపెట్టి, ఇంకొకరు 108కి ఫోను చేయాలి.

గట్ల మీద నాగుపాము, రక్తపింజర ఉంటాయి. పొదల్లో చెయ్యి పెట్టనివ్వకండి. కాటు పడితే కోయడం, గట్టిగా కట్టు కట్టడం వద్దు. కాలు కదలకుండా ఉంచి విషానికి మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. టెక్కలి, నరసన్నపేట ఆసుపత్రుల నంబర్లు ముందే రాసి ఉంచుకోండి. ఉరుము వినబడితే గట్టు దిగి బస్సెక్కాలి, తాటిచెట్ల కింద నిలబడకూడదు.

మర్నాడు బడిలో

మూడు సీసాలూ కదపకుండా రాత్రంతా ఉంచితే అడుగున ఇసుక, దాని మీద ఒండ్రు, పైన మబ్బు నీరు పొరలుగా విడిపోతాయి. స్కేలుతో పొరల మందం కొలవండి. నిదానించిన నీరు బరువైన ఇసుకను ముందే దింపేస్తుంది కాబట్టి శివారు సీసాలో ముతక ఇసుక తక్కువ ఉండాలి. ఎక్కువ కనబడితే దగ్గర్లో గట్టు కోసుకుపోతోందా, పక్క గెడ్డ నీరు కలిసిందా అని ఆరా తీయండి. పొడవాటి కాగితం మీద కాలువను తిన్నటి గీతగా గీసి, ఎక్కడెక్కడ ఏ కట్టడం, ఏ తేదీకి నాటు, ఎన్ని క్యూసెక్కులు అన్నీ దాని మీద వేయించండి. దాని నకలు ఒకటి లస్కర్‌కూ, ఒకటి సాగునీటి సంఘానికీ పంపండి.

వీలైతే అదే పిల్లల్ని ఫిబ్రవరి తర్వాత, కాలువ కట్టేశాక మళ్లీ తీసుకెళ్లండి. వానాకాలంలో నీటి కింద దాగిన డ్రాప్ అడుగు, మదుము తూము, పగిలిన లైనింగ్, పూడిక మందం అన్నీ బయటపడతాయి. ఆ ప్రయాణానికి పూటే చాలు. ఉదయం తొమ్మిదిలోపు ముగించాలి, ఎండ ముదిరితే సిమెంటు మీద నిలబడలేరు.

నాగావళి దారి

పాత కాలువలు కావాలనుకునేవారికి తోటపల్లి ఉంది. నాగావళి మీద అక్కడి పాత రెగ్యులేటరు 1908 నాటిది, దాని కింద 64 వేల ఎకరాలు. పక్కనే కట్టిన కొత్త బ్యారేజీకి సర్దార్ గౌతు లచ్చన్న పేరు పెట్టారు. నూరేళ్ల తేడా ఉన్న రెండు కట్టడాలను ఒకే చోట నిలబడి పోల్చొచ్చు. గేట్ల తీరు, స్తంభాల మందం, పాత సున్నపు పని, కొత్త కాంక్రీటు వేర్వేరుగా బొమ్మలు గీయించండి.

అక్కడి నుంచి నది వెంట కిందికి వస్తే సంతకవిటి మండలంలో నారాయణపురం ఆనకట్ట. వంశధార నీటిని హిరమండలం నుంచి ఇక్కడికి చేర్చే అనుసంధాన కాలువ పని ఏ దశలో ఉందో ఇంజనీర్లను అడగండి, రెండు నదుల పాఠం ఒక్కటవుతుంది. ఈ ఆనకట్ట కుడి కాలువ వైపు పొందూరు ఉంది. ఖద్దరు నేత చూడాలంటే పూట మిగుల్చుకోండి. పత్తి ఏకడానికి వాలుగ చేప దవడను దువ్వెనగా వాడటం అక్కడ చూడొచ్చు.

ఈ దారికి ఉత్తరాలు వేరే వేరే రాయాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక తోటపల్లి పార్వతీపురం మన్యం జిల్లాలోకీ, సంతకవిటి విజయనగరం జిల్లాలోకీ వెళ్లాయి. పొందూరు శ్రీకాకుళంలోనే ఉంది. ఒక్క కార్యాలయంలో అనుమతి తీసుకుని బయల్దేరితే రెండో చోట గేటు దగ్గరే ఆపేస్తారు. మూడు జిల్లాల్లో ఎవరిని అడగాలో నెల ముందే తేల్చుకోండి.